కప్పులో ఏముంది? కంచంలో ఏముండాలి?

ఆకలి రుచెరుగదు అన్నారు పెద్దలు. ఏడింటికే రాత్రి భోజనం ముగిసి, పదింటిదాకా స్టడీ అవర్ సాగే హాస్టళ్ళలో ఈ సామెతకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ వేళ ఆకలేస్తే ఇదివరకు ట్రంకు పెట్టెలోంచి మరమరాలో, అటుకులో, ఇంటినుంచి తెచ్చుకున్న సకినాలో బయటికొచ్చేవి. ఇప్పుడు కప్పు నూడుల్స్ వస్తున్నాయి. వీటిని విషమని భయపెట్టేవారున్నారు. ప్రకటనలు చూసి బలమని నమ్మేవారూ ఉన్నారు. రెండూ నిజం కావనీ, అసలు సంగతి కప్పు మీదే అచ్చయి ఉందనీ మేము చెప్పదలచుకున్నాం.

యుద్ధం తర్వాత జపాన్‌లో తిండి కటకటను కళ్ళారా చూసిన మొమొఫుకు ఆండో 1958లో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారుచేశాడు. 1971లో కప్పు నూడుల్స్ వచ్చాయి. మైదా పిండిని కలిపి, సన్నగా దారాల్లా కోసి, ఆవిరిమీద ఉడికించి, తర్వాత నూనెలో వేయిస్తారు. వేగేటప్పుడు తేమ పోయి సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. వేడినీళ్ళు వాటిలోకి దూరడంవల్లే నాలుగు నిమిషాల్లో మెత్తబడతాయి. అంటే మనం ఉడికినవనుకుని తినేవి నిజానికి వేయించినవి. ఇలా వేయించిన నూడుల్స్‌లో సాధారణంగా నూటికి 15 నుంచి 20 వంతులు నూనే ఉంటుంది.

దినుసుల పేర్లను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. చదివి చూడండి. మొదట మైదా, తర్వాత సాధారణంగా పామాయిల్, ఆపైన ఉప్పు, మసాలా పొడులు. బొమ్మలో నిండుగా కనిపించే క్యారెట్, బఠాణీలు లోపల చిటికెడే.

ఇక ఉప్పు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కప్పు మీద మాత్రం సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు తేలుతుంది. కప్పులో 1000 మిల్లీగ్రాముల సోడియం ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే రోజంతటికీ సరిపడే దానిలో సగం! పప్పు, కూర, చారు, పచ్చడి అన్నీ మిగతా సగంలో ఇమడాలి. ఆ అంకె కప్పుకా, 100 గ్రాములకా అన్నది కూడా చూసుకోవాలి.

చాలామంది భయమంతా అజినమోటో మీదే. టమాటాల్లో సహజంగానే ఉండే రుచి అది. మామూలు మోతాదులో హాని చేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. 2015 జూన్‌లో సీసం, లేబుల్ వివాదంతో మ్యాగీని నిషేధించారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, నవంబరులో సరుకు మళ్ళీ దుకాణాలకెక్కింది. భయం మిగిలింది గాని ఉప్పు, నూనెల లెక్క ఎవరికీ పట్టలేదు.

మా అసలు బాధ కప్పులో ఉన్నదాని గురించి కాదు, లేనిదాని గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఎదిగే వయసులో ఇనుము, మాంసకృత్తులు, పీచు కావాలి. 70 గ్రాముల కప్పులో మాంసకృత్తులు ఆరేడు గ్రాములే. 50 గ్రాముల పల్లీల్లో పన్నెండు గ్రాములదాకా ఉంటాయి. కడుపు నిండటం వేరు, ఒళ్ళు ఎదగటం వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉప్పు, నూనె, చక్కెర మెండుగా ఉన్న ప్యాకెట్ తిండిని తగ్గించమనే చెబుతున్నాయి.

అలాగని తమ్ముళ్ళను, చెల్లెళ్ళను తిట్టి లాభం లేదు. తొమ్మిదింటి ఆకలి నిజం. దానికి జవాబు మెస్‌లోనే దొరకాలి. స్టడీ అవర్ మధ్యలో ఉడికించిన శనగలో, పెసర గుగ్గిళ్ళో, పల్లీ పట్టీయో పెట్టమని మెస్ కమిటీ సమావేశంలో అడుగుదాం. వార్డెన్ గారికి రాతపూర్వకంగా ఇద్దాం. హాస్టల్ పిల్లలకు ఏదో ఒకటి చాలులే అనే మాట ఎవరినోటా రాకూడదు, ముందు మన నోట రాకూడదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ప్రేమతో అట్టపెట్టెల కొద్దీ కప్పు నూడుల్స్ తెస్తున్నారు. ఈసారి అదే డబ్బుతో పల్లీలు, బెల్లం, శనగలు తెండి. నెలరోజులు మీ పేరు చెప్పుకుని తింటాం.

ఎప్పుడైనా సరదాకు తింటే తినండి మిత్రులారా! మసాలా సగమే వేసుకోండి, మెస్‌లో గుడ్డు పెట్టిన రోజు దాన్ని వదిలేయకండి. భోజనం మానేసి మాత్రం కప్పు విప్పకండి. కప్పు సరదాకు, కంచం బతుక్కు.