ఉణ్ణి జ్వరము - మన పిల్లల సంరక్షణ

వానలు వెనుకబట్టి చలి ప్రవేశించు దినములలో మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల పిల్లలకు జ్వరములు వచ్చుట క్రొత్త గాదు. వానిలో ఒకదానిని గుఱించి మన కుటుంబములవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది. తమిళ పత్రికలు దీనిని 'ఉణ్ణిక్ కాయ్‌చ్చల్' అని వ్రాయుచున్నవి. వైద్యులు స్క్రబ్ టైఫస్ అందురు.

పేరులోనే ఒక చిక్కు కలదు. ఉణ్ణి యనగానే మన యిండ్లలో కుక్కలకును, పశువులకును పట్టు పిడుదు స్ఫురించును. ఇంట కుక్క లేదు గదా యని తల్లిదండ్రులు నిశ్చింతగా నుందురు. నిజమునకు స్క్రబ్ టైఫసును మోసికొనివచ్చునది పిడుదు గాదు. పొదలలోను, గడ్డిలోను, ఎలుకలు తిరుగు చోట్లను ఉండు ఒక ఎఱ్ఱని పురుగుపిల్ల. అది కంటికి ఆననంత చిన్నది; కుట్టినపుడు తెలియదు. పిడుదు వలన వచ్చు జ్వరము వేఱొకటి కలదు. దానియందు అరచేతులకు, అరికాళ్ళకు సైతము ఎఱ్ఱని మచ్చలు పొడచూపును. రెంటికిని ఒకే మందు పనిచేయును. రెంటియందును ఆలస్యమే ప్రమాదము.

పురుగు కుట్టిన పది దినముల ప్రాంతమున జ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు ఆరంభమగును. కుట్టినచోట పెక్కుమందికి బీడీతో కాల్చినట్లు నల్లని పక్కు కట్టును. అది నొప్పి పెట్టదు గనుక బిడ్డ చెప్పడు. చంకలు, గజ్జలు, మొల, మెడ, చెవుల వెనుక భాగము, తలవెండ్రుకల నడుమ తల్లియే వెదకి చూడవలెను. అది కానరానంత మాత్రమున జబ్బు లేదనుకొనరాదు.

జ్వరముతో దద్దు పొడచూపినచో అమ్మవారు పోసినదని తలచి మందు మాన్పించు ఆచారము కొన్ని యిండ్లలో నేటికిని కలదు. వేపాకు పెట్టుటను మేము కాదనము. కాని వైద్యునికి చూపక దినములు గడపుట బిడ్డ ప్రాణములతో చెలగాటము. ఈ జ్వరము ముదిరినచో ఊపిరితిత్తులను, మూత్రపిండములను, మెదడును పట్టుకొనును.

వేళకు గుర్తించినచో దీనికి మందు సులభము. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అను మందులు అల్పవ్యయముతో లభించును. తగిన మందు పడిన రెండు దినములలో తఱచుగా జ్వరము తగ్గుముఖము పట్టును. పెన్సిలిన్ జాతి మందులు దీనికి పనిచేయవు. కావున దుకాణములో అడిగి కొన్న మాత్రలను నమ్ముకొనరాదు. మొదటి వారమున రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. అనుమానము బలముగా నున్నచో పరీక్షాఫలమునకై ఆగక చికిత్స ఆరంభింపవలెనని 2015లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి మార్గసూచికలు తెలుపుచున్నవి. బిడ్డ పొలమునకో, పొదలకో పోయిన సంగతిని, ఒంటిమీది పక్కును వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట చికిత్సకు దారి చూపును.

దీనికి టీకా లేదు, జాగ్రత్తయే రక్ష. మేకలను తోలుకొనిపోవు పిల్లలను, పుల్లలకు పోవు పిల్లలను, చెరకు తోటల గట్లపై ఆడుకొను పిల్లలను గడ్డిపై పండుకొననీయరాదు. బహిర్భూమికి పొదలచాటునకు పంపరాదు. ఉతికిన బట్టలను పొదలపై గాక తీగపై ఆరవేయవలెను. ఇల్లు చేరగనే బట్టలు మార్పించి సబ్బుతో స్నానము చేయింపవలెను. ఇంటిచుట్టు పొదలు నఱికి, ఎలుకలను అదుపున ఉంచవలెను. పిడుదు పట్టినచో కిరసనాయిలు పోయుట, నిప్పు తగిలించుట తగదు. సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టుకొని, నలపక, తిన్నగా లాగి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను.

1960లో తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మాఱినను హద్దున కీవలను ఆవలను పొలములు, పొదలు ఒక్కటే. రెండు భాషలును ఎఱిగిన మన పెద్దలు ఉణ్ణికిని, పిడుదునకును, ఈ పురుగునకును గల భేదమును ఇంటివారికే గాక ఇరుగుపొరుగు తమిళ సోదరులకును వివరించి చెప్పవలెనని మా మనవి.