మన శిశిరమునకు పరాయి పేరెందులకు?

కొంతకాలముగా మన సీమకు ఒక క్రొత్త వేడుక వచ్చి చేరినది. బెంగుళూరు వంటి నగరములనుండి ఉద్యోగస్థులు, వారిలో మన తెలుగు బిడ్డలును, వారాంతమున కార్లెక్కి కొరటగెరె, మధుగిరి, పావగడ వంటి చిన్న ఊళ్ళ మీదుగా షికారు వెడలి, దారి పొడవునను చెట్లను ఫొటోలు తీసికొని పోవుచున్నారు. అక్టోబరులో వచ్చినను, ఫిబ్రవరిలో వచ్చినను వారా షికారునకు పెట్టు పేరు ఒక్కటే: ‘ఆటమ్ డ్రైవ్’. నాగలమడికలో పినాకిని యొడ్డున తీసిన చిత్రమునకును అదే పేరు, అమెరికాలో వెర్మాంటు కొండలలో తీసిన చిత్రమునకును అదే పేరు.

షికారు చేయుటను మేము తప్పు పట్టము. చెట్టును చూచి మురియువాడు చెట్టును నరకువానికంటె నూరు విధముల మేలు. మేము ఆక్షేపించునది, మన నేలను చూచుటకు పరాయి కండ్లద్దములు పెట్టుకొనుటను, ఆ అద్దములలో కానరానిదెల్ల లేనే లేదనుకొనుటను.

మొదట ఋతువు సంగతి. ఆశ్వయుజ కార్తికములు మనకు శరత్తు. అక్టోబరు ఈ మాసములలోనిదే. తొలకరి మోసగించిన యేడు సైతము సెప్టెంబరు, అక్టోబరు వానలే మన మెట్ట పొలములకు దిక్కు. అప్పుడు మన చెట్టు పచ్చగా నుండును. గట్ల మీద తంగేడు విరియబూయును. చేలలో వేరుసెనగ పెరుకుచుందురు. ఆకు రాలుట మనకు శిశిరమున, మాఘ ఫాల్గునములలో. ఆంగ్లములోని ‘ఆటమ్’ అను మాటకు శరత్తని యొకచోటను, ఆకురాలు కాలమని మరియొకచోటను అర్థము చెప్పి, రెండును ఒకటేయని పిల్లలను నమ్మించుచున్నాము. అట్లు నేర్చిన పిల్లవాడు అక్టోబరులో ఎఱ్ఱని యాకులను వెదకుచు వచ్చి, కానక, మన సీమ అందము లేనిదని తిరిగి పోవుచున్నాడు. నేరము సీమది కాదు, పాఠముది.

ఆకు రాలుటకు కారణములును వేరు. చలిదేశములలో పగలు కురుచయై రాత్రులు చల్లబడగా ఆకులోని పత్రహరితము నశించును. అంతవరకు దాగియున్న కెరోటినాయిడ్లు పసుపురంగుగా బయటపడును. మేపిల్ వంటి చెట్లలో ఆంథోసయనిన్ అను ఎఱ్ఱరంగు అప్పుడే క్రొత్తగా పుట్టును. మనకు మంచు లేదు. నీరు చాలక, ఉన్న తేమను కాపాడుకొనుటకై చెట్టు ఆకును విడుచును. నాటుబాదము వంటి కొన్ని చెట్లు రాల్చుటకు ముందు ఎఱ్ఱబడును గాని, తక్కినవి చాలవరకు పండుబారి, ఎండి, గాలికి పోవును.

అట్లయిన మనకు ఎఱుపు లేదా? కలదు. రావిచెట్టు ఆకు రాల్చిన కొలది దినములకే రాగిరంగు చివురు తొడుగును. మామిడి లేతాకు అట్టిదే. వేప చివురులోను ఎఱుపు జీర యుండును. ఒక్క ఆకైన లేక నిలిచిన మోదుగ నిలువెల్ల అగ్గివలె పూచును. వారికి ఆకు మరణించునపుడు ఎఱుపు, మనకు ఆకు జన్మించునపుడు ఎఱుపు. ఆ చివురుల వెంటనే యుగాది వచ్చును. ఈ భేదము నెఱుగనివాడు మోదుగను ఫొటో తీసి ‘ఫాల్ కలర్స్’ అని వ్రాసినచో, పురిటింటికి వచ్చి పరామర్శ చేసిపోయినట్లుండును.

ఇక ఆ వెర్మాంటు వారు తమ నేలను ఎట్లు చూచుకొనుచున్నారో తెలిసికొందము. కొండల సోయగమునకు అడ్డమని 1968లోనే వారు రహదారి ప్రక్కల ప్రకటన పలకలను చట్టముచే నిషేధించిరి. ఆ రాష్ట్రమున పామ్‌ఫ్రెట్ అను చిన్న ఊరు కలదు. అందలి యొక పొలము చిత్రము లోకమంతట వ్యాపింపగా, ఆకుల కాలమున కార్లు బారులు తీరి, ఇరుకు మట్టిదారి మూసికొనిపోయి, ఊరివారికి రాకపోకలు దుర్ఘటమయ్యెను. తుదకు ఊరివారు 2023 సెప్టెంబరు 23 నుండి అక్టోబరు 15 వరకు ఆ దారిని బయటివారి బండ్లకు మూసివైచిరి. యాత్రికుల రాబడికి అలవాటుపడిన ఊరే ‘మా బ్రతుకు ముందు, మీ చిత్రము తరువాత’ అని చెప్పగలిగినది. మన మా దేశమునుండి అరువు తెచ్చుకొనినది షికారును మాత్రమే, ఈ ఆత్మగౌరవమును కాదు.

మన దారుల మీద జరుగునది చూడుడు. రోడ్డుపై ఉలవలో రాగులో ఆరబోసిన రైతును ‘అడ్డు తీయు’మని హారను మ్రోగించువారు, ఆ ధాన్యమునే పైనుండి చిత్రించి ‘పల్లె సొగసు’ అందురు. తిరుమణి, వళ్ళూరు చుట్టుప్రక్కల సూర్యవిద్యుత్తు పలకలు 13,000 ఎకరాలను కప్పియున్నవి. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ కేంద్రము సామర్థ్యము 2,050 మెగావాట్లు. నాడు వేరుసెనగ పండిన నేల నేడు కౌలుకు పోయినది. భూమి గలవానికి కౌలు రూకలు వచ్చుచున్నవి. భూమి లేని కూలివానికి పని పోయినది, గొఱ్ఱెల కాపరికి మేతబీడు పోయినది. షికారువారు ఆ నీలపు పలకలను సూర్యాస్తమయ వేళ మిక్కిలి అందముగా చిత్రించుచున్నారు. అచ్చట ఆకు రాలుటకు చెట్టేదని అడుగువాడు వారిలో లేడు.

బయటివారిని మాత్రమే నిందించి చేతులు దులుపుకొందమా? మన యింటి పిల్లలకే మోదుగకును కానుగకును భేదము తెలియదు. తాతగారు మోదుగాకుతో విస్తరి కుట్టిరి. మనుమడు ఆ చెట్టును ఫొటో తీసి, దాని పేరు చెప్పుమని యంత్రము నడుగుచున్నాడు. కారణము దాచిన దాగదు. ఇంట తెలుగు మాటలాడు బిడ్డ బడిలో కన్నడమును ఆంగ్లమును చదువుచున్నాడు. తెలుగు అతని నాలుక మీద నున్నది, కంటికి చేరలేదు. చదువరాని భాష ఒక తరములో వంటింటి భాషయగును, మరుతరములో ముసలివారి భాషయగును.

ఇది కన్నడమునకు ఎదురు చెప్పుట కాదని గట్టిగా చెప్పుచున్నాము. కన్నడము మనకు తోబుట్టువు. మన మోదుగ వారికి ముత్తుగ, మన తంగేడు వారికి తంగడి, మన కానుగ వారికి హొంగె. ఈ రెండు పేర్లును తెలిసిన పిల్లవాడు రెండింతలు ధనవంతుడు. మనకు చింత గొలుపునది, రెండును తెలియక ‘ట్రీ’ అనువాడు. మన ఊరి పేరే చూడుడు. మడక యనగా మన సీమలో నాగలి. దున్నుచుండగా నాగశిల మడకకు తగిలెను గనుక ఈ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. కుక్కె ఆదియు, ఘాటి మధ్యయు, నాగలమడిక అంత్యమును అని సుబ్రహ్మణ్య క్షేత్రములను లెక్కించు భక్తులు తెలుగువారును కన్నడమువారును కలిసియే రథము లాగుదురు. తెలుగు మరచినవానికి ఈ ఊరి పేరు వట్టి శబ్దము.

‘పేరుతో పని యేమి, అందము చాలదా?’ యని కొందరు పెద్దమనుష్యులు అడుగుదురు. చాలదు. రోడ్డు వెడల్పు చేయుటకు గొడ్డలి వచ్చిననాడు, ‘ఒక చెట్టు’ అని వ్రాసిన అర్జీకి విలువ లేదు. ‘మా తాతలు నాటిన చింత, సంత దినమున నూరుమందికి నీడ’ అని వ్రాసిన అర్జీకి కొంతయైన బలము గలదు. పేరు తెలిసినవాడే హక్కు చెప్పగలడు. ఫొటో మాత్రము గలవాడు చెట్టు పోయిన పిమ్మట ఆ ఫొటోనే చూచుకొనవలెను.

కావున మన కుటుంబములవారికి మా విన్నపములివి. షికారునకు వచ్చు బిడ్డలను ఆపవలదు, ఊరిలోనికి పిలువుడు. వారిని కారు దింపి, చెట్టు క్రింద కూర్చున్న ముసలివానిని దాని పేరు అడుగుమనుడు. ఆ పేరును చిత్రము క్రింద తెలుగులో, తెలుగు లిపిలో వ్రాయుమనుడు. ఇది మొదటిది. చేలలో అడుగిడుటకు ముందు రైతు సెలవు తీసికొనవలెనని మీ యింటి యతిథులకు మీరే చెప్పుడు. ఇది రెండవది. మూడవది అన్నిటికంటె ముఖ్యము. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణచే 350-ఎ అధికరణము ఏర్పడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలిగింప ప్రయత్నింపవలెనని అది ప్రతి రాష్ట్రమును ఆదేశించుచున్నది. అడుగనివారికి ఏ ప్రభుత్వమును వెదకికొని వచ్చి ఇయ్యదు. బడి తెరచునాటికి తలిదండ్రులు వ్రాతపూర్వకముగా అడుగవలెను. ఏ బడిలో ఎందరు తెలుగు బిడ్డలున్నారో ఊరూర లెక్క వ్రాసి సంఘమునకు పంపవలెను.

వచ్చు శిశిరమునకు మోదుగ ఎప్పటివలెనే పూచును. దానిని ఆ పేరుతో పిలువగల పిల్లలు మన యిండ్లలో ఎందరుందురో, అది మన చేతిలోని పని. లెక్కల కాగితములు మాఘమాసము ముగియులోపల సంఘమునకు చేరవలెనని కోరుచున్నాము.