ఆ గుడ్డు ఎవరిది?

అంగన్‌వాడీ నుంచి చూలాలు గుడ్ల అట్ట పట్టుకుని ఇంటికొస్తుంది. 2020లో సంపూర్ణ పోషణ పేరుతో మొదలైన పథకంలో ఆమె లెక్క నెలకు 25 గుడ్లు, 5 లీటర్ల పాలు. ఆ సాయంత్రం పొయ్యి మీద ఆరు గుడ్లు ఉడుకుతాయి. మొగుడికి రెండు, తెల్లారుజామున వేటకు పోవాలి గదా. బడికి పోయే పిలకాయలిద్దరికీ చెరొకటి. మామకు ఒకటి, పెద్దాయన. చివరిదాన్ని దారంతో సగం కోసి అత్తా కోడలూ పంచుకుంటారు. నెలకని ఇచ్చిన అట్ట నాలుగు రోజుల్లో ఖాళీ. ఎవరి పేరున వచ్చాయో ఆమెకు దక్కినవి రెండు గుడ్లు.

ఈ ఇంట్లో దొంగలెవరూ లేరు. అత్త గయ్యాళి కాదు, మొగుడు తాగుబోతూ కాదు. మా నెల్లూరు జిల్లా మైపాడులో చూడండి, తుమ్మలపెంటలో చూడండి, మా బంధువుల ఇళ్లలో చూడండి, ఇదే పంపకం. బిడ్డ కళ్లప్పగించి చూస్తుంటే ఏ తల్లీ గుడ్డు ఒలుచుకుని నోట్లో వేసుకోలేదు. వేసుకుంటే ఆమెను మనమే ఏమంటామో ఆమెకు తెలుసు. "మా కోడలు బంగారం, అందరికీ పెట్టి చివర్న తింటుంది" అని నలుగురిలో పొగుడుతాం. ఆరో నెలలో రక్తపరీక్ష చేసి ఒంట్లో రక్తం లేదని నర్సమ్మ కసిరితే, అదే నోటితో "తినమంటే తినదమ్మా" అంటాం. ఈ రెండు మాటల మధ్య ఉన్న అబద్ధం గురించే నా గోడంతా.

అబద్ధమని ఊరికే అనలేదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం ఆ గీత కిందే ఉన్నారు. మన రాష్ట్రం పరిస్థితీ అంతే, సగానికి పైమాటే. ఇంతమంది ఆడవాళ్లకు ఒక్కసారిగా "తినబుద్ధి" పోయిందా? పోయింది వాళ్ల బుద్ధి కాదు, వాళ్ల వాటా.

పైగా మనది చేపల సీమ. నెల్లూరు చేపల పులుసంటే హైదరాబాదులో హోటళ్ల బోర్డులకెక్కిన పేరు. వంజరం, చందువ ఐసుపెట్టెల్లో చెన్నై దారి పడతాయి. ఇంటికి మిగిలేవి నెత్తళ్లు, కవళ్లు. అదేమీ చిన్నతనం కాదు. ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపలో మాంసకృత్తులకు తోడు కాల్షియం కూడా ఉంటుంది. సొర లాంటి పెద్దచేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లు వాటి జోలికి పోవద్దనే వైద్యులు చెబుతారు. అంటే బేరం రాని చేపే ఆమెకు మేలైనది! అదీ పళ్లెంలోకి వస్తేగదా. తరచుగా వచ్చేది పులుసూ, ఒక తలకాయా. లేదంటే ఎండుచేప. ఎండుచేపలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు, బీపీ ఉన్న చూలాలికి అది రోజూ పెట్టే కూర కాదు.

ఇక ఎర్ర మాత్ర. రోజుకొకటి, 180 రోజులు; ఒక్కో దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఈ ఫోలిక్ యాసిడ్ కథలో మనవాడొకడున్నాడు. 1928లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక ఎందుకు చనిపోతున్నారో వెతికింది. తిండిలోనే ఏదో తక్కువైందని పసిగట్టి, ఈస్టు సారం తినిపిస్తే తేరుకుంటున్నారని 1931లో రాసింది. అందులో ఉన్న పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మాత్రగా మార్చే దారి వేసింది అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధకులు, 1945 ప్రాంతంలో. వాళ్లకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తోడబుట్టినవాళ్లను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. అంత దూరం నుంచి, అంత దుఃఖం దాటి వచ్చిన మాత్ర పాళెంలో పెంకుటింటి దూలం సందులో దుమ్ము పట్టి ఉంటుంది. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అన్నారట! నల్లబడేది విరేచనం ఒక్కటే. కడుపులో తిప్పుతుంది, నిజమే, మలబద్ధకమూ నిజమే. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని, టీతో కలపొద్దని, కాల్షియం మాత్రతో జత చేయొద్దని, నిమ్మకాయ పిండుకోమని ఆశా కార్యకర్త చెప్పే ఉంటుంది. ఒకసారి చెబితే 180 రోజులు నిలుస్తుందా? మనలో ఎవరం డాక్టరు రాసిన అయిదు రోజుల మందు అయిదు రోజులూ మింగాం?

అలవాటంటే అదే. మొదలుపెట్టడానికి ఒక మాట చాలు, నిలబడటానికి ఒక మనిషి కావాలి.

మనిషికి బదులు మనం సలహాలిస్తాం. "ఇద్దరి తిండి తినాలమ్మా" అని ఒకరు. "బిడ్డ లావైతే కాన్పు కష్టం, తగ్గించి తిను" అని ఇంకొకరు. ఆమె ఎవరి మాట వినాలి? జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కిలోకేలరీలు. ఒక గుడ్డు, గ్లాసుడు పాలు, గుప్పెడు వేరుశనక్కాయలు కలిపితే దాదాపు అంతే. ఇద్దరి తిండీ కాదు, కోత పెట్టిన తిండీ కాదు. పచ్చి బొప్పాయి వద్దంటే సరే, మానేద్దాం. ఆ ఒక్క భయాన్ని పట్టుకుని చేప వేడి, గుడ్డు వేడి, పెరుగు చలవ అంటూ పోతే చివరకు పళ్లెంలో అన్నమూ చారే మిగులుతాయి. మరోపక్క సీమంతాలకు తెచ్చే మిఠాయిలు. వరసగా మూడిళ్లవాళ్లు పెట్టినవి తిని చక్కెర పెరిగిన చూలాళ్లను చూశాను. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే చక్కెర పరీక్షకు పరగడుపు కూడా అక్కర్లేదని చెన్నై డాక్టర్ వి. శేషయ్య లాంటివాళ్లు పట్టుబట్టి నిలబెట్టారు, పల్లెల నుంచి వచ్చే గర్భిణిని పస్తుతో రెండోసారి తిప్పకూడదని. ప్రతి నెలా 9వ తేదీన ఆసుపత్రిలో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజు ఆమె వెంట ఎవరు పోతున్నారు?

నడక మాట చెబితే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. అడ్డంకులేవీ లేని గర్భిణి వారానికి 150 నిమిషాలు ఒంటికి మితమైన శ్రమ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు ఇరవై పాతిక నిమిషాల నడక. రక్తస్రావం, బీపీ, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే వైద్యులనడిగే నడవాలి. కాగితం మీద చాలా తేలిక. పాళెం వీధిలో? సాయంత్రం అయిదింటికి ఆమె గడప దాటితే అరుగు మీంచి మొదటి ప్రశ్న, "ఏం మేయ్, ఈ పొద్దప్పుడు యాడికి పోతా ఉండావు?" రెండో అరుగు దగ్గర, "ఒంటిదానివేనా? గాలీ ధూళీ సోకుద్ది." మూడో మలుపులో కుక్కలు. ఆ తర్వాత లైటు లేదు. మర్నాటి నుంచి ఆమె నడవదు. బద్ధకమని మనం రాసుకుంటాం.

ఇందులో ఇంకో పక్క ఉంది. దాన్ని చెప్పకపోతే ఈ మాటలన్నీ ఇంటిపట్టున ఉండేవాళ్లకే పనికొస్తాయి. రొయ్యల షెడ్డులో తడి నేల మీద గంటల తరబడి నిలబడి, ఐసులో చేతులు పెట్టి తలలు తీసే ఆమెను నడవమనడం కన్నా ఎగతాళి ఉండదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆమెకూ అంతే. వాళ్లకు కావలసింది కూర్చోవడానికి ఒక స్టూలు, మధ్యలో కాళ్లు చాపుకునే పావుగంట, బరువు పట్టుకునే ఇంకో చేయి. ఒకే ఊళ్లో ఒకరిని కదలనివ్వం, ఇంకొకరిని కూర్చోనివ్వం. ఇద్దరికీ కలిపి ఆరోగ్య సూత్రాలు మాత్రం ఒకే గోడ మీద రాయిస్తాం.

మన కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు సముద్రం మీదికి పోవు. 61 రోజులు. ఎందుకు? చేప గుడ్లు పెట్టే కాలం, దాని మానాన దాన్ని బతకనివ్వాలని. గుడ్లతో ఉన్న చేప కోసం రెండు నెలలు కడుపు మాడ్చుకునే నీతి మనకుంది. చట్టమో, భయమో, రేపటి వేట మీద ఆశో, ఏదైతేనేం, జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులే ఇంట్లో చూలాలికి అన్నింటికన్నా గడ్డుకాలం. చేతిలో డబ్బాడదు, మొదట తగ్గేది ఆమె పళ్లెమే. కానీ అవే రోజుల్లో మొగుడు ఇంటిపట్టున ఉంటాడు. వలలు బాగుచేసుకున్నాక సాయంత్రం ఖాళీయే. పెళ్లాంతో కలిసి కాలవ గట్టు దాకా నడిచి రావడానికి అతనికి అడ్డేమిటి? పేకాటకు లేని సిగ్గు దీనికెందుకు?

ఊరు ఒక మాట మీద నిలబడితే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా? 1992లో దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూనే సారా అంగడిని మూయించారు. వాళ్ల ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా విన్నది. ఏడాది తిరక్కుండా ఆ మంట జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్ల దగ్గర డబ్బు లేదు, పదవి లేదు. "మా ఇంటి కష్టం" అని ఎవరికి వారు మింగుతున్నదాన్ని "మన ఊరి కష్టం" అని బయటికి అన్నారు, అంతే. చూలాలి సగం గుడ్డు ఇంకా ఇంటి కష్టంగానే ఉంది.

మత్స్యకారుల పట్టపు పాళేల్లో కులపెద్దలైన కాపులు కూర్చుని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే దాన్ని దాటడానికి ఊరు జంకుతుంది. ఆ కట్టుబాట్లలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, దాచుకోను. ఆడవాళ్ల నోళ్లు కట్టేయడానికీ అవి వాడారు. అందుకే ముందే చెబుతున్నా, ఎవరైనా చూలాలి మీద దురాయి వేస్తారేమో, ఇది తినాలి, ఇంత నడవాలి, లేకపోతే తప్పు కట్టాలి అని. అలాంటిది వద్దే వద్దు. ఆమెకు కాపలా చాలా ఉంది. వేయదలిస్తే మన మీద వేసుకుందాం. ఆమె గుడ్లు ఆమె ఎదురుగానే ఉడికి, ఆమె తిన్నాకే మిగతావాళ్లకు అన్నం పెట్టాలని. 2013లో అమృతహస్తం పథకంలో గర్భిణికి అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి భోజనం పెట్టింది అందుకే. కరోనా రోజుల్లో సరుకు ఇంటికి చేరింది, ఇంట్లో పంపకమూ మొదలైంది. అరుగు మీదివాళ్లు "యాడికి?" అని అడిగే బదులు లేచి ఆమెతో పది అడుగులు వేయాలని. డ్వాక్రా గుంపులో ప్రతి ఆమెకూ ఒక చూలాలు అప్పగింత, మాత్ర వేసుకున్నావా అని రాత్రి ఒక పలకరింపు. షెడ్డు మేస్త్రీ స్టూలు వేయాలని.

వేట నుంచి పడవ ఒడ్డుకు చేరాక పాలు తీయడం చూసే ఉంటారు. పడవకు ఇన్ని పాళ్లు, వలకు ఇన్ని, ఇంజనుకు ఇన్ని, ఆ తర్వాత మనుషులకు. కొయ్యకూ దారానికీ ఇనుముకూ కూడా పాలుంది, అవి అరిగిపోతాయి, బాగుచేసుకోవాలి గనక. రేపు జూన్ 15న మొదటి పడవ తిరిగొచ్చినప్పుడు, గంప కిందపెట్టి పాళ్లు తీసే పెద్దమనిషిని ఊళ్లో ఎవరో ఒకరు అడగాలి. ఆడమనిషే అడిగితే ఇంకా మంచిది.

"అబ్బయ్యా, ఈ ఊళ్లో చూలాళ్లు ఎంతమంది ఉండారు? వాళ్ల పాలు యాడ తీసినావు?"