‘డేటా క్లియర్ చెయ్యండి’ అనే సలహా ఇక ఆపండి

ఈమధ్య ఓ కోడ్ రివ్యూలో ఒక కుర్రాడు నింపాదిగా అన్నాడు: “బ్రౌజర్‌లో డేటాబేస్ తెరవడానికేముంది సార్, ఒక్క లైను. తెరుచుకోకపోతే యూజర్‌ని డేటా క్లియర్ చేసుకోమంటే సరి.” బల్ల చుట్టూ ఉన్న సీనియర్లు కూడా తలలూపారు. నాకు ఒళ్లు మండింది. కోచింగ్ సెంటర్లలో, వీడియో పాఠాల్లో, ఆఫీసుల్లో ఏళ్ల తరబడి మనమే నూరిపోసిన మాట అది. అందులో మొదటి సగం అజ్ఞానం, రెండో సగం యూజర్‌కి చేసే ద్రోహం.

బ్రౌజర్‌లో ఉండే ఆ డేటాబేస్ పేరు ఇండెక్స్‌డ్ డీబీ. అందులో ఓపెన్ అని పిలిస్తే డేటాబేస్ చేతికి రాదు. ఒక రిక్వెస్ట్ వస్తుంది. దాని మీద సక్సెస్, ఎర్రర్, అప్‌గ్రేడ్‌నీడెడ్, బ్లాక్డ్ అని నాలుగు ఈవెంట్లు రావచ్చు. పాఠాలు మూడింటితో సరిపెడతాయి. జనాన్ని ఏడిపించేది నాలుగోది.

నాకు తెలిసిన ఒక సర్వే యాప్‌లో ఏం జరిగిందో చెప్తాను. మన్యంలో సిగ్నల్ లేని ఊళ్లు తిరిగి ఫోన్‌లో ఫారాలు నింపే ఒకావిడ సాయంత్రం మండల కేంద్రానికి వచ్చింది. పొద్దున తెరిచిన ట్యాబ్ ఫోన్‌లో అలాగే ఉంది. వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కితే ఇంకో ట్యాబ్‌లో కొత్త కోడ్ లోడయింది. అది డేటాబేస్ నాలుగో వెర్షన్ కావాలంది. పాత ట్యాబ్ మూడో వెర్షన్ కనెక్షన్ పట్టుకుని ఉంది. ‘వెర్షన్ మారబోతోంది, వదులు’ అని బ్రౌజర్ పాత ట్యాబ్‌కి వెర్షన్‌చేంజ్ ఈవెంట్ పంపింది. దాన్ని వినే కోడ్ ఎవరూ రాయలేదు. కొత్త ట్యాబ్‌కి బ్లాక్డ్ అని చెప్పింది. అదీ ఎవరూ వినలేదు. సక్సెస్ లేదు, ఎర్రర్ లేదు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. “సెట్టింగ్స్‌లోకి వెళ్లి సైట్ డేటా క్లియర్ చెయ్యండమ్మా” అన్నారు. చేసింది. ఇంకా సర్వర్‌కి చేరని ఫారాలన్నీ డేటాబేస్‌తో పాటే పోయాయి. మర్నాడు మళ్లీ అదే కొండ, అవే ఇళ్లు, అవే ప్రశ్నలు.

పాత ట్యాబ్ మూసేస్తే చాలు, అప్‌గ్రేడ్ దానంతటదే సాగేది. ఆ మాట చెప్పేవాడు లేకపోయాడు. పాత కనెక్షన్ వెర్షన్‌చేంజ్ వినగానే తనను తాను క్లోజ్ చేసుకోవాలి. కొత్తది బ్లాక్డ్ వినగానే ‘ఈ యాప్ ఇంకో ట్యాబ్‌లో తెరిచి ఉంది, దాన్ని మూసెయ్యండి’ అని తెలుగులో చూపించాలి. పట్టుమని పది లైన్లు కూడా కావు. అవి రాయనివాడికి ‘ఒక్క లైను’ అనే హక్కు లేదు.

లైబ్రరీ చూసుకుంటుందంటారు. జేక్ ఆర్చిబాల్డ్ రాసిన ఐడీబీ లైబ్రరీ బ్లాక్డ్, బ్లాకింగ్ అని రెండు కాల్‌బ్యాకులు ఇస్తోంది. నేను రివ్యూ చేసిన ప్రాజెక్టుల్లో అవి ఖాళీగానే కనిపిస్తాయి. వెర్షన్ నంబర్ సంగతీ అంతే. 2 తర్వాత 2.5 అని ఇస్తే బ్రౌజర్ భిన్నం తీసేసి మళ్లీ 2 అనుకుంటుంది, అప్‌గ్రేడ్ జరగదు. రిలీజ్ బెడిసికొట్టి పాత కోడ్‌కి వెనక్కి వెళ్తే, అప్పటికే కొత్త వెర్షన్‌కి మారిన ఫోన్లన్నింటిలో వెర్షన్‌ఎర్రర్. అప్పుడూ నోట్లోంచి వచ్చేది ఆ క్లియర్ మాటే.

అసలు ఈ అవస్థ మనకు రావలసింది కాదు. బ్రౌజర్‌లోనే డేటా దాచుకోవడానికి వెబ్ ఎస్‌క్యూఎల్ అని ఒకటుండేది. ఎస్‌క్యూఎల్ తెలిసినవాడు ఎవడైనా వాడుకోగలిగేది. అమలు చేసిన బ్రౌజర్లన్నీ ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేస్ మీద కట్టాయి, వేర్వేరు అమలులు లేనిదే ప్రమాణం కాదు అంటూ 2010 నవంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని పక్కన పడేసింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని ఎన్నడూ దగ్గరకు రానివ్వలేదు. 2023లో క్రోమ్ కూడా తీసేసింది. ఈలోగా 2022 చివర్లో అదే ఎస్‌క్యూలైట్ వెబ్‌అసెంబ్లీ రూపంలో బ్రౌజర్‌లోకి తిరిగొచ్చింది! మరి పన్నెండేళ్లు ఎవరి కోసం పారేసినట్టు? ఆ కమిటీని నేను క్షమించలేను.

యూజర్ క్లియర్ చెయ్యకపోయినా డేటా పోవచ్చు. ఆపిల్ వారి సఫారీ గురించి ఒక్క ముక్క. బ్రౌజర్ వాడకంలో ఏడు రోజులు గడిచినా యూజర్ ఆ సైట్‌ని ముట్టుకోకపోతే, స్క్రిప్టు దాచిన డేటా తుడిచేసే నియమం 2020 నుంచీ ఉంది. బ్రౌజర్ గోడౌన్ కాదని ఆపిల్ అప్పుడే చెప్పేసింది. మనమే వినిపించుకోలేదు.

ఏం చెయ్యమంటారంటే: హెల్ప్‌లైన్ వాళ్లు మొదట ‘ఇంకో ట్యాబ్ తెరిచి ఉందా అమ్మా?’ అని అడగాలి. డేటా క్లియర్ మాట వాళ్ల కాగితంలోంచి కొట్టేయాలి. రెండు ట్యాబులు, ఒకటి పాత కోడ్‌తో, ఒకటి కొత్త కోడ్‌తో తెరిచి పరీక్షించని మార్పు బయటికి పోకూడదు. పంపని ఫారాలు ఎన్ని ఉన్నాయో తెర పైభాగాన ఎప్పుడూ కనిపించాలి, వాటిని ఫైల్‌గా తీసుకునే బటన్ ఉండాలి. ఆ ఫైల్ ఏ రూపంలో ఉండాలి, అందులో ఉన్న జనం వివరాలకు రక్షణ ఏమిటి అన్నది కూర్చుని తేల్చుకోవలసిన పని. దానికి నేను సిద్ధం.