పెయింట్ గీకితే తెలిసొచ్చిన గ్రౌండింగ్

‘గ్రౌండింగ్ అంటే ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పేస్తాం. నేనూ అంతే. అరకులో ఫ్రెండ్ పికప్ బండికి నా హ్యామ్ రేడియో యాంటెన్నా బిగించిన రోజే నా బీటెక్ లోతెంతో తేలింది.

145 మెగాహెర్ట్జ్‌కి అర మీటరు కడ్డీ చాలు. యాంటెన్నాలో మిగతా సగం బండి లోహమే. బ్రాకెట్‌ని వెనక బాడీ అంచుకు బిగించా. పవర్ ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు 3 దాటేసింది! తప్పు రేడియోది కాదు, బ్రాకెట్ కింది పెయింట్‌ది. లోహం కనిపించేదాకా గీకి, బాడీకీ చాసిస్‌కీ మధ్య అల్లిక రాగి పట్టీ వేస్తే 1.5కి దిగింది.

ఇదేదో సరదా పని అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకి సెల్‌ఫోన్లు మూగబోతే, కబుర్లు చేరవేసినవాళ్లలో హ్యామ్‌లూ ఉన్నారు.

కోర్సుల మీద కోర్సులు కట్టే ముందు హ్యామ్ పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు. లైసెన్సు వచ్చాకే ప్రసారం చేయాలి సుమా! లైసెన్సు ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. కానీ ‘ఇక్కడ తప్పు చేశా, ఇలా పట్టుకున్నా’ అని చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో మీ మాటకు బరువొస్తుంది.