నిమ్మెక్కిన గోడ ఎవరి వాటా?

పాతిల్లున్న ప్రతి కుటుంబంలోనూ ఒక గది ఉంటుంది. గోడ అడుగు నుంచి నడుమెత్తు దాకా పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పూసి, చెయ్యి తగిలితే పిండిలా రాలుతుంటుంది. మూల నల్లటి బూజు, మడతపెట్టిన దుప్పటికి కూడా ఒకలాంటి ముక్కవాసన. "నిమ్ము గది" అంటారు దాన్ని. ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారో ఎప్పుడైనా గమనించారా? ఇంటి పెద్ద పడుకోడు. పరీక్షలకి చదివే మగపిల్లాడికి ఇవ్వరు. మూలనున్న ముసలి అత్తగారికిస్తారు. కొత్తగా వచ్చిన కోడలికిస్తారు. పురిటికొచ్చిన కూతురికైతే "గాలి తగలకూడదు" అని ఉన్న ఒక్క కిటికీ కూడా మూసి, పసిగుడ్డుతో సహా అందులోనే ఉంచుతారు. ఇంట్లో ఎవరి మాటకి బలం తక్కువో వాళ్ళ వాటాకి వచ్చే గోడ అది!

మా కౌతాళం వైపు నిమ్మంటే కోస్తా చుట్టాలు నవ్వుతారు. "వానే సరిగా పడని చోట చెమ్మేమిటమ్మా?" అని. నిజమే, ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం మెట్ట ప్రాంతాలు. తుంగభద్ర దిగువ కాలువ పారే చోట్ల తప్ప వాన కోసం మొగం వాచినవే. అయినా మా పాత రాతి మిద్దెల్లో ఇప్పుడు నిమ్ము లేని ఇల్లు అరుదు. పెద్దవాళ్ళని అడగండి, "మా కాలంలో ఇంత లేదు" అంటారు. పాత రోజుల్ని పొగడడానికి అనే మాట కాదది. కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి.

మొదటిది వీధి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే మరో పొర పోస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. మురుగుకాలువ నీళ్ళు నిలిచేది సరిగ్గా మన గోడ పునాది పక్కన. అసలే మాది నల్లరేగడి, తాగిన నీటిని ఒక పట్టాన వదలదు. రెండోది స్నానాల బచ్చలి. పెరట్లో దూరంగా ఉండేదాన్ని సౌకర్యం కోసం గోడ లోపలికి తెచ్చుకున్నాం. సౌకర్యం మంచిదే, కాదనను. కానీ మట్టితో కట్టిన రాతిగోడకి రోజూ బకెట్లకొద్దీ నీళ్ళు తగిలితే ఏమవుతుంది? రాయి నీళ్ళు తాగదు, రాళ్ళ మధ్య ఉన్న మట్టి తాగుతుంది. దీపం వత్తి నూనెని పైకి లాగినట్టు ఆ మట్టి నీటిని పైకి లాగుతుంది.

మూడోదే అసలు విషయం. గోడ పెచ్చులూడగానే ఇంట్లో మగవాళ్ళు మేస్త్రీని పిలుస్తారు. ఆయన వచ్చి, గోడ మీద రెండు దెబ్బలు కొట్టి చూసి, "సిమెంటు పూస్తే నూరేండ్లు ఉంటాదన్నా" అంటాడు. పూస్తారు, పైన నునుపైన రంగు వేస్తారు. రెండేళ్ళు తిరక్కుండా నిమ్ము ఇంకో అడుగు పైకి కనిపిస్తుంది. ఎందుకంటే మట్టిగోడ, సున్నపు గార తాగిన తేమని మళ్ళీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. బయటికి రాలేని నీరు దారి వెతుక్కుంటూ పైకెక్కుతుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, ఉబ్బి, ఆ పూతనే తోసేస్తుంది. మన పెద్దలకి ఈ ఉప్పు సంగతి బాగా తెలుసు. వానాకాలానికి ముందు మిద్దె మీదికి చౌడు తోలించేవారు కదా. తడవగానే ఆ మట్టి ఉబ్బి సందులు మూసుకుపోయి నీళ్ళు దిగనివ్వదు. మిద్దె మీద కాపాడే చౌడే గోడలోకి చేరితే గోడని తినేస్తుంది. తేడా అంతా ఎక్కడుందన్న దాంట్లోనే.

సిమెంటు పాడుదని నేననడం లేదు. పునాది మీద తేమని ఆపే పొర వేసి కట్టిన ఇటుక గోడకి అది సరిపోతుంది. మట్టితో కట్టిన ముసలి గోడకి మాత్రం సరిపడదు. ఇంగ్లండులో 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం కూడా పాత రాతి ఇళ్ళకి సిమెంటు వద్దు, సున్నమే వాడమని చెబుతుంది. మన తాతల నాటి గానుగ సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళ సంగతి అక్కడివాళ్ళు చెబితే తప్ప మనం నమ్మమేమో!

ఇక వంటిల్లు. మిద్దె ఇళ్ళలో పొయ్యి మీద గవాక్షి ఉండేది. కట్టెల పొగ కళ్ళు మండించేది కాబట్టి దాన్ని ఎవరూ మూయలేదు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి గ్యాసు పల్లెల దాకా చేరింది. పొగ తప్పింది, ఆడవాళ్ళ ఊపిరితిత్తులకి అది పెద్ద మేలు. అయితే "ఇంకెందుకు, దుమ్ము పడుతోంది" అని గవాక్షి మీద బండ పెట్టేశారు. గ్యాసు మండితే పొగ కనపడదు గానీ ఆవిరి పుడుతుంది. ఒక కిలో గ్యాసు మండితే కిలోన్నర పైగా నీళ్ళు ఆవిరిగా వస్తాయి. అంటే 14.2 కిలోల సిలిండరు అయిపోయేలోగా దాదాపు 22 లీటర్లు. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి దీనికి అదనం. ఇదంతా చలికాలం రాత్రి చల్లబడ్డ గోడకి తగిలి చెమర్చి నీరవుతుంది. కిటికీలు బిగించి నీళ్ళ కూలరు పెట్టుకునే గదిలోనూ గాలికి చెమ్మ ఎక్కుతుంది. ఆ చెమ్మలోనే బూజు పెరిగేది.

ఇంత జరిగాక మాట పడేది ఎవరు? "ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం చేతకాదు" అని ఇల్లాలే! పునాది పక్కన మురుగు నిలిస్తే చీపురు ఏం చేస్తుంది చెప్పండి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజుల గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకం వెలువరించింది. చెమ్మగా ఉండే ఇళ్ళలో వాళ్ళకి దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువగా కనిపిస్తాయనీ, బూజు తుడవడం కంటే చెమ్మ రాకుండా చూడడమే ముఖ్యమనీ అందులో ఉంది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. వరద తాగిన మందపాటి గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. ఆరకముందే పూత, రంగు వేస్తే నీటిని లోపలే దాచుకున్నట్టు.

కాబట్టి ఖర్చు పెట్టేముందు నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. ఒక పాలిథిన్ ముక్కని గోడకి ఆనించి నాలుగంచులూ టేపుతో అంటించండి. రెండు రోజులాగి చూడండి. చెమ్మ కాగితం పైన, గది వైపు ఉంటే అది గాలిలోని ఆవిరి. గవాక్షి తెరిచి, బీరువాలూ మంచాలూ గోడకి జానెడు ఎడంగా జరిపితే చాలావరకు తగ్గుతుంది. చెమ్మ కాగితం వెనక ఉంటే గోడలోంచి వస్తున్నట్టు. అప్పుడు ముందు చెయ్యాల్సింది బయట పని. గోడ వెంట చేరిన మట్టి తీయించి, వాలు సరిచేసి, బచ్చలి నీళ్ళు దూరంగా పోయేలా చెయ్యాలి. ఆ తర్వాత నడుమెత్తు దాకా సిమెంటు కొట్టేయించి, గోడని ఆరనివ్వాలి. పూసిన ఉప్పుని నీళ్ళతో కడక్కుండా పొడి బ్రష్షుతో దులపాలి. బాగా ఆరాక సున్నపు గార, దాని మీద మామూలు వెల్ల. సున్నం పనివాళ్ళు తగ్గిపోయిన మాట నిజమే. ఊళ్ళో పాత మేస్త్రీలని అడిగితే ఒకరో ఇద్దరో దొరక్కపోరు. బయటి పనికైతే అంత నైపుణ్యం కూడా అక్కర్లేదు.

వచ్చిన చిక్కల్లా ఈ నిర్ణయం చేసేది ఎవరన్నదే. ఇరవై గంటలు ఆ గోడల మధ్య ఉండేది ఆడవాళ్ళు. ఏ మూల ఏ నెలలో చెమ్మెక్కుతుందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కానీ మేస్త్రీతో మాటలు వాకిట్లో మగవాళ్ళ మధ్యే అయిపోతాయి. మనకి మిగిలేది టీ ఇవ్వడం. ఈసారి టీ ఇచ్చి లోపలికి రాకండి. "నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఈ పూత వేస్తే గోడ ఆరుతుందా? వీధి ఎత్తుకి ఏం చేస్తారు?" అని అడగండి. వార్డులో మళ్ళీ రోడ్డు వేస్తున్నారంటే, పాతది తవ్వి వెయ్యమని పదిమంది కలిసి అడగండి. ఒక్కరు అడిగితే గొణుగుడంటారు, పదిమంది అడిగితే అర్జీ అవుతుంది.

ఇదంతా కుదిరేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. అందాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ గదిలోంచి బాలింతనీ, పసిబిడ్డనీ, ముసలమ్మనీ ఈ రోజే ఎండ వచ్చే గదిలోకి మార్చండి. పాత ఇనప సామాను అక్కడ పెట్టుకోవచ్చు. తుప్పు పడితే పట్టనివ్వండి.