కాగితం మీద పెట్ట, గంప కింద పుంజు

‘‘పెట్టకూ పుంజుకూ తేడా తెల్వనోళ్లకు కోళ్ల పథకమెందుకమ్మా?’’

ఈ మాటన్నది ఊరి దొర కాదు. మన పన్నులతో జీతం తీసుకునే ఒక అధికారి. 2019లో మా మండలంలో నలుగురు మాదిగ ఆడవాళ్లు ‘గుడ్లు పెట్టే కోళ్లని ఇస్తిరి, సగానికెక్కువ పుంజులైనయి, ఇదేం న్యాయం సారూ’ అని అడగపోతే దొరికిన జవాబిది. బంట్రోతు దగ్గర్నుంచి ఎదురు కుర్చీలో కూచున్న కాంట్రాక్టరు దాకా అందరూ నవ్వారట. వీళ్లు తలొంచుకుని వచ్చేశారు. ఆ నవ్వుకు ఇప్పటిదాకా ఎవరూ బదులు చెప్పలేదు. చెప్పాలి.

ఎవరికయ్యా తేడా తెలవనిది? పొద్దున గంప ఎత్తే ముందే పెట్టను చంకన పెట్టుకుని, వేలితో తడిమి, ఇవ్వాళ గుడ్డుందో లేదో చెప్పే ఆడవాళ్లు మన వాడల్లో ఇంటికొకరున్నారు. నాటు పిల్లలైతే నడక చూసి, కాళ్ల లావు చూసి, నెత్తిన జుట్టు ఎరుపెక్కే తీరు చూసి ‘ఇది పుంజే’ అని వేరు పెడతారు. అయినా ఒక్కోసారి పెట్టనుకున్నది పుంజవుతుంది. కోడిపిల్లకు మేకపిల్లలాగా బయటికి కనపడే గుర్తు ఉండదు మరి. మొదట జుట్టూ గొంతుకింది తోలూ ఎర్రబడతాయి. తర్వాత మెడ మీదా నడుం మీదా మొనదేరిన సన్న ఈకలొస్తాయి, తోకలో ఈక వంపు తిరుగుతుంది. ఆఖరున కూత. ఇవన్నీ తేటగా బయటపడేసరికి రెండు మూడు నెలలు. పథకంలో పిల్లల్ని చేతికిచ్చింది నాలుగు వారాల వయసులో. అదీ మనవాళ్లు అంతకుముందు పెంచి ఎరగని రకం.

తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన రోజే తెలుస్తుంది వాళ్లకు. జపాన్ శాస్త్రవేత్తలు 1920లలోనే ఆ విద్య కనిపెట్టారు. ఒకరోజు పిల్లను అరచేతిలో పట్టుకుని, వెనుక భాగాన్ని వేలితో కొద్దిగా తెరిచి, లోపలుండే చిన్న బుడిపెను బట్టి ఆడో మగో చెప్పేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు గంటకు వందల పిల్లల్ని ఏరి పెడతారు. కొన్ని రకాల్లో రెక్క ఈకల పొడుగు చూసే చెప్పొచ్చు. గుడ్ల వ్యాపారమంతా ఈ ఏరుడు మీదే నడుస్తుంది. ఏ లేయర్ ఫారం దగ్గరికైనా తెల్లవారుజామున పోయి నిలబడండి. వేల కోళ్లుంటాయి, ఒక్క కూత వినపడదు. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజు అక్కర్లేదు, ఆ గుడ్డు పొదిగి పిల్ల కావాలంటేనే పుంజు. అందుకే ఫారం యజమానికి పుంజంటే దండగ. ఆయన పెట్టలకు డబ్బు కడతాడు, పెట్టల్నే తీసుకుంటాడు. ఆయన్ను ‘తేడా తెలవదా’ అని ఎవరూ అడగరు. ఆయన తరఫున తెలిసినవాడిని హేచరీయే పెడుతుంది.

మరి అక్కడ పుట్టిన మగపిల్లలు ఏమవుతాయి? చాలావరకు పుట్టినరోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఇట్లా చంపడాన్ని చట్టంతో ఆపింది, ఆడో మగో గుడ్డులో ఉండగానే కనుక్కునే యంత్రాలు పెట్టుకుంది. మన దగ్గర చావగా మిగిలినవి కొన్ని గులాబి రంగూ పచ్చ రంగూ పూయించుకుని సైకిళ్ల మీద మన బస్తీలకొస్తాయి. మన పిల్లలు ఏడ్చి కొనిపించుకుంటారు. వారం బతికితే గొప్ప. బతికి పెద్దదైతే అది పుంజే. ఎవరికీ పనికిరానిది తిరిగి తిరిగి ఎక్కడికి చేరుతుందో చూడండి.

పథకం పిల్లలు ఆ రంగు పిల్లల్లాంటివి కావు, ఒప్పుకుంటాను. వనరాజా, గ్రామప్రియ లాంటివి రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో పెంచడానికే తయారుచేసిన రకాలు. వాటి మీద నాకు పేచీ లేదు. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే ఇవి వంద దాటతాయి. వనరాజా అయితే మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొస్తుంది. పేచీ అంతా పంచే తీరులో ఉంది. ఇట్లాంటి పిల్లల్ని మామూలుగా ఆడా మగా ఏరకుండా కలిపే ఇస్తారు. కలిపి ఇస్తే ఏమవుతుందో మా పదో తరగతి పిల్లాడు చెబుతాడు. సగం సగం. మనుషుల్లో పుట్టేది ఆడో మగో తేల్చే క్రోమోజోము తండ్రిది, కోళ్లలో తల్లిది. (తండ్రి కారణమైన చోట తల్లిని తన్ని పుట్టింటికి తరుముతున్నారు. తల్లి కారణమైన కోళ్లగూట్లో పెట్టను ఎవరూ పల్లెత్తు మాటనరు. ఆడపిల్ల పుడితే సంబరపడేది కూడా ఆ గూటి దగ్గరే.) అంటే వంద పిల్లల్ని పంచితే అందులో యాభై దాకా పుంజులుంటాయని పంచేవాడికి పంచకముందే తెలుసు. తెలిసీ మనోళ్ల చేత వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏం రాశారు? గుడ్ల ద్వారా ఆదాయం అని. లెక్క ఎట్లా కట్టారు? ఇచ్చినవన్నీ పెట్టలే అయినట్టు, ఒక్కటీ చావనట్టు.

మా చిన్నమ్మ లెక్క వినండి. మొదటి విడతలో ఆమెకు వచ్చిన పిల్లలు 20. గూటికి జాలీ, కర్రలు, దాణా అని పొదుపు సంఘంలో 6,000 అప్పు తీసింది. కొక్కెర రోగానికి మూడు పోయాయి, పిల్లి రెండింటిని ఎత్తుకుపోయింది. మిగిలింది 15. కూలికి పోయి వచ్చి తౌడు కలిపి పెట్టింది, నూకలు వేసింది. మూడో నెల దాటాక ఒకనాడు నన్ను చూసి అన్నది: ‘‘కొడుకా, గుడ్డు పెట్టాల్సింది కూత పెడుతున్నదిరా!’’ చూస్తే తొమ్మిది పుంజులు, ఆరు పెట్టలు. పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. మిగతా ఎనిమిదీ తిండి తింటాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఉన్న ఆరు పెట్టల్నీ వీపు ఈకలూడేదాకా సతాయిస్తాయి. సంఘం కిస్తీ మాత్రం ఇరవై పెట్టల లెక్కనే.

‘పుంజుల్ని అమ్ముకుంటే డబ్బు రాదా?’ అంటారు. వస్తుంది, ఒక్కసారి. గుడ్డు అట్లా కాదు. అది ఇంట్లో బాలింత తింటుంది, బడికి పోయే పిల్ల తింటుంది, మిగిలితే దుకాణంలో ఇచ్చి నూనె తెచ్చుకుంటుంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు బడికి హాజరు ఎందుకు పెరుగుతుందో ఏ టీచరునడిగినా చెబుతాడు. గుడ్ల డబ్బు ఆడదాని కొంగులో ఉంటుంది. పుంజు డబ్బు సంగతి మీకు తెలిసిందే, మొగుడి చేతిలో పడి పొద్దుగూకేలోపు కల్లు కాంపౌండుకు చేరుతుంది.

ఇంతకీ కొనేదెవరు? జాతర ముందు పెద్దింటి కుర్రాడొచ్చి గంప దగ్గర నిలబడతాడు. ‘మనూరి కోడే కదా, ఇంత తీసుకో’ అంటాడు. బజార్ ధరలో సగం. కాదంటే రేపు నాటుకు పిలవరు. నిజాం కాలంలో దొరింటికి చుట్టమొచ్చినా, ఊళ్లోకి అధికారి దిగినా కోడి పోయింది మన గూడేల నుంచే, వెట్టి కింద, పైసా లేకుండా. ఆ వెట్టి మీద జనం తిరగబడ్డారు, రక్తం ధారపోశారు. ఇప్పుడు సగం ధర ఇస్తున్నారు గనుక దీన్ని అమ్మకం అంటున్నారు.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. ‘పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది మీ వరస’ అని సామెతలు చెబుతారు. అయ్యా, ఇది ఎవరి పుణ్యమూ కాదు. ఎస్సీ ఉప ప్రణాళికకు 2013లో చట్టం తెచ్చుకున్నది ఊరికే కాదు, మన వాటా మనకు లెక్క ప్రకారం రావాలని. వాటా అడిగేవాడు కొలత కూడా అడుగుతాడు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ చెప్పి తరతరాలుగా నవ్వుతున్నారు కదా. ఆ ముసలమ్మకు తన గంప కింద ఉన్నది పుంజో పెట్టో అన్నా తెలుసు. మీ రిజిస్టరుకు అది కూడా తెలవదు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో పేద కుటుంబానికి విడతలుగా 45 పిల్లల్ని ఇచ్చే ఏర్పాటు ఉండేది. 2021లో కేంద్రం ఆ మిషన్‌నే మార్చింది. పల్లె కోళ్ల పేరుతో ఇప్పుడు సబ్సిడీ ఇస్తున్నది కనీసం 1000 కోళ్ల పేరెంట్ ఫారం, దాంతోపాటు హేచరీ పెట్టేవాళ్లకు. ఖర్చులో సగం, 25 లక్షల దాకా. భూమి చూపాలి, మిగతా సగానికి బ్యాంకు అప్పో సొంత డబ్బో చూపాలి. మన వాడలో ఎవరికున్నాయి? 45 పిల్లల పేరంటం పోయింది, వెయ్యి కోళ్ల పెళ్లి వచ్చింది. ఇక ఈ సబ్సిడీ ఫారాల నుంచి మనమే పిల్లల్ని కొనుక్కోవాలి. పెట్టల్ని ఏరి షావుకార్లకు అమ్ముకుని, మిగిలిన మగపిల్లల్ని ‘పెరటి కోళ్లు’ అని మన ఊళ్లకు తోలితే అడిగేదెవరు?

అందుకే ఇప్పుడే అడగాలి. సర్కారు సొమ్ముతో హేచరీ పెట్టినవాడు అమ్మే ప్రతి పిల్లకూ రసీదు మీద పెట్టా పుంజా రాసివ్వాలి. ఏరకుండా ఇస్తే ‘సగం పుంజులుంటాయి’ అని పెద్దక్షరాలతో రాయాలి, ధర ఆ మేరకు తగ్గించాలి. ఎస్సీ నిధులతో ఎక్కడ కోడిపిల్లల్ని పంచినా గుడ్ల పేరు చెబితే పెట్టల్నే ఇవ్వాలి. పిల్లల్ని ఏరే ఆ విద్యకు భూమి అక్కర్లేదు, చూపూ వేళ్లూ చాలు. పదో తరగతి చదివి ఇంట్లో కూచున్న మన ఆడపిల్లలకు ఆ శిక్షణ ఇవ్వండి, హేచరీల్లో ఉద్యోగాలివ్వండి. తేడా ఎవరికి తెలుసో అప్పుడు చూద్దాం.

అక్కలారా, వచ్చే గ్రామసభలో కోళ్ల రిజిస్టరు తెప్పించండి. ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు అని రెండు గడులున్నాయో లేదో చూడండి. లేకపోతే సంతకం పెట్టకండి. పెట్టలని చెప్పి ఇచ్చిన పుంజులు ఎవరింట్లో ఉన్నా గంపతో సహా మండలాఫీసుకు తీసుకురండి. తెల్లవారుజామునే రండి, కూత వేళకు.